మాత్రకు ఒక్కపొద్దు

తిరుమణి, పావగడ తాలూకా,
శనివారం రాత్రి.

మహారాజశ్రీ నొప్పి మాత్ర గారి సముఖానికి,

తిరుమణి నుంచి ఒక రిటైరైన బడిపంతులమ్మ నమస్కరించి రాసుకుంటున్న విన్నపం. ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమం సంగతి నాకు తెలుసు. ఎందుకంటే నిన్న సాయంత్రం మీ రేకు డబ్బాను దేవుడి గూటి కింద నుంచి తీసి అటక మీద పెట్టింది నేనే. చెప్పకుండా చోటు మార్చినందుకు ముందుగా మన్నించండి. పదిహేనేళ్ళుగా ఆకువక్కల సంచి పక్కన, మా అమ్మ చెయ్యి చాపితే అందేంత దగ్గర ఉన్నవారు మీరు. అలాంటి వారిని కారణం చెప్పకుండా అటకెక్కించడం మర్యాద కాదు. ఆ కారణం చెప్పుకోవడానికే ఈ ఉత్తరం. అమ్మ మంచం పక్కన కూర్చుని రాస్తున్నాను. ఆమె ఇంకా నిద్రపోలేదు, కళ్ళు మూసుకుని పడుకునుంది.

ముందు మీరు చేసిన మేలు చెప్పుకోవాలి. చెప్పకపోతే కళ్ళు పోతాయి.

మాది చెనక్కాయల నేల. ఇప్పుడు తిరుమణి చుట్టుపక్కల ఐదు ఊళ్ళ పొలాల్లో, 13 వేల ఎకరాల మేర సోలార్ పలకలు పరుచుకున్నాయి. ఎకరాకు ఏడాదికి 21 వేల రూపాయల చొప్పున కౌలుకిచ్చి రైతులు చేను వదిలారు. ఆ పలకలు రాకముందు అక్కడ వాన పడితే పంట, పడకపోతే బీడు. ఆ నేలలోనే మా అమ్మ నలభై ఏళ్ళు నడుము వంచి కలుపు తీసింది, చెట్లు పెరికింది, కాయలు తెంపింది. నడుము పోయింది, మోకాళ్ళు పోయాయి.

దానికి తోడు నీళ్ళు. పావగడ తాలూకాలో బోరు ఎంత లోతుకు పోతే నీళ్ళలో ఫ్లోరైడు అంత కలిసి వస్తుందని మా వాళ్ళందరికీ అనుభవమే. లీటరు నీళ్ళలో ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదని మన దేశంలో కట్టడి ఉంది. అది దాటిన నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే ముందు పళ్ళు గారపడతాయి, తర్వాత ఎముకల్లో చేరి కీళ్ళు బిగుసుకుంటాయి, మెడ తిరగదు, వెన్ను వంగదు. ఈ జబ్బు కొత్తది కాదు. 1937లోనే అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో, నెల్లూరు జిల్లా పొదిలి, దర్శి ప్రాంతపు పల్లెల్లో దీన్ని చూసి డాక్టర్లు పత్రికకెక్కించారు. తర్వాత నల్లగొండ పేరు దేశమంతా తెలిసింది. మా పేరు అంతగా తెలియలేదు. వీధి చివర ఫిల్టరు నీళ్ళు వచ్చేసరికి అమ్మ ఎముకలకు అరవై ఏళ్ళు దాటాయి.

అట్లాంటి ఒంటికి మీరు దిక్కయ్యారు. పొద్దున సంగటి తిన్నాక ఒకటి, రాత్రి పడుకునే ముందు ఒకటి. మీరు లోపలికి పోయిన అరగంటకు అమ్మ లేచి నిలబడేది. వాకిలి ఊడ్చింది, మనవల పెళ్ళిళ్ళలో తిరిగింది, శనివారం శనివారం బస్సెక్కి పావగడ శనిమహాత్ముడి గుడికి పోయి ప్రదక్షిణలు చేసింది. ఆ అడుగులన్నీ మీవే. కన్నకూతుర్ని నేను కూడా ఆమె కోసం అంత చెయ్యలేకపోయాను. ఈ మాట మనసారా అంటున్నాను.

అందుకే తర్వాత రాయబోయే మాటలు రాయడం కష్టంగా ఉంది.

మొదటి ఫిర్యాదు. ఇన్నేళ్ళు మా ఇంట్లో ఉండి, మీ పేరేమిటో మీరు మాకు చెప్పలేదు. అంగట్లో అడిగితే షీటును కత్తెరతో కత్తిరించి నాలుగు మాత్రలు కాగితంలో చుట్టి ఇస్తారు. పేరున్న ముక్క ఒకరింటికి పోతుంది, గడువు తేదీ ఉన్న ముక్క ఇంకొకరింటికి. మా ఇంటికి వచ్చేది వెండిరేకు ఒక్కటే. పేరున్న ముక్క వచ్చినా లాభమేముంది? ఇంట్లో మేం మాట్లాడేది తెలుగు. నేను ముప్పై ఐదేళ్ళు చెప్పింది కన్నడ పాఠాలు. మీ ఒంటి మీద రాసుకున్నది ఇంగ్లీషు, అదీ చీమ తలకాయంత అక్షరాల్లో. మా అమ్మకు మీరు "తెల్ల మాత్తర", "గులాబీ మాత్తర", "నొప్పుల మాత్తర". మీ వంశంలో ఎవరు ఆస్పిరిన్, ఎవరు ఇబుప్రోఫెన్, ఎవరు డైక్లోఫెనాక్, ఎవరు ఎసిక్లోఫెనాక్, ఎవరు నిమెసులైడ్, మీ దాయాది పారాసెటమాల్ ఎవరు, ఆమెకెట్లా తెలుస్తుంది? ఒక్కోసారి అదే పొట్లంలో ఆవగింజ కంటే కాస్త పెద్దదిగా ఇంకొకటి దొర్లేది. అది స్టెరాయిడని నాకు తెలిసింది రెండేళ్ళ కిందట, ఆసుపత్రి బల్ల మీద. దాని సంగతి మళ్ళీ రాస్తాను.

రెండో ఫిర్యాదు. నొప్పి తీసుకున్న చేత్తోనే మీరు ఇంకేవేవో తీసుకుపోయారు. లండన్‌లో జాన్ వేన్ అనే ఆయన 1971లో మీ గుట్టు కనిపెట్టారు. ఒంట్లో ప్రోస్టాగ్లాండిన్లు అనేవి తయారవుతాయి. దెబ్బ తగిలిన చోట వాపు, మంట, నొప్పి, జ్వరం పుట్టించేవి అవే. వాటిని తయారు కానివ్వకుండా అడ్డుపడటమే మీ పని అని ఆయన నిరూపించారు. 1982లో నోబెల్ బహుమానం అందుకున్న ముగ్గురిలో ఆయన ఒకరు. అయితే ఆ ప్రోస్టాగ్లాండిన్లే కడుపు లోపలి పొరను కాపాడతాయి, మూత్రపిండాలకు రక్తం అందేట్టు చూస్తాయి. మీరు అక్కడా అడ్డుపడ్డారు. అమ్మకు కడుపులో మంట మొదలైంది, దానికి ఇంకో మాత్ర. కాళ్ళు నీరు పట్టాయి. రక్తపోటు మాత్ర వేసుకుంటున్నా పోటు దిగలేదు. వయసు మీరిన వాళ్ళకు మీరు రోజూ పడితే మూత్రపిండాలు దెబ్బతింటాయని డాక్టరు చెప్పేదాకా ఈ మూడింటికీ మీకూ సంబంధం ఉందని మేం అనుకోలేదు.

మూడో ఫిర్యాదు మా ఇంటిది కాదు, అయినా చెప్పకుండా ఉండలేను. ముసలి మనుషులకు మీరు పనికొచ్చారని చూసి, కుంటుతున్న ముసలి ఎద్దులకూ ఆవులకూ మిమ్మల్నే సూదిగా వేశారు. ఆ గొడ్డు చచ్చిపోతే రాబందులు వాలాయి. మాంసంలో మిగిలిన డైక్లోఫెనాక్ వాటి మూత్రపిండాలను మాడ్చేసింది. 1990ల నుంచి పదిహేనేళ్ళలో మన దేశంలో తెల్లవీపు రాబందులు నూటికి తొంభై తొమ్మిది పైగా పోయాయి. కారణం మీరేనని 2004లో తేలింది. పశువులకు మీ వాడకాన్ని 2006లో ఆపారు. మా కర్ణాటకలో రామనగర దగ్గరి రామదేవర బెట్టను 2012లో రాబందుల కోసం అభయారణ్యం చేశారు. నా చిన్నప్పుడు ఊరి బయట గొడ్డు పడితే ఆకాశంలో గుండ్రంగా తిరిగే రెక్కలు కనబడేవి. ఇప్పటి పిల్లలకు పాఠంలో బొమ్మ చూపించాల్సి వచ్చింది. మేలు చెయ్యడానికి వచ్చినవారు ఎక్కడిదాకా పోతారో, ఎవరి దాకా చేరతారో ఎవరూ అడగకపోతే ఇట్లా జరుగుతుంది.

నాలుగో ఫిర్యాదే ఈ ఉత్తరానికి అసలు కారణం.

రెండేళ్ళ కిందట బెంగళూరులో ఉండే మా తమ్ముడు పట్టుబట్టి, "అమ్మకు ఫ్లూ టీకా వేయించక్కా, వయసులో పెద్దవాళ్ళకు అదే ప్రాణాలు తీస్తోంది" అన్నాడు. నిజమే. మామూలు ఫ్లూ వల్ల శ్వాస అందక ప్రపంచంలో ఏటా 2 లక్షల 90 వేల నుంచి 6 లక్షల 50 వేల మంది దాకా చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. అందులో ఎక్కువమంది ముసలివాళ్ళే. పిల్లల టీకాల మాదిరి ఈ టీకా మాకు ఊళ్ళో ఊరికే దొరకదు. డబ్బు పెట్టి పట్నంలో వేయించుకోవాలి. సరే, వేయిద్దామని బయల్దేరాం.

పొద్దున బస్సు ఎక్కే ముందు అమ్మ డబ్బా తెరిచింది. "దారిలో మోకాళ్ళు లాగుతాయి పాపా, ఒక మాత్తర ఏసుకుంటా" అంది. వేసుకుంది. సూది వేశారు. ఇంటికొచ్చాక భుజం నొప్పిగా ఉందని ఇంకొకటి. రాత్రి ఒళ్ళు వెచ్చగా ఉందని ఇంకొకటి. మర్నాడు మామూలుగా పొద్దునొకటి, రాత్రొకటి. ఆ రెండు రోజులు నొప్పి తెలియలేదు, జ్వరం తెలియలేదు. "ఏం సూదో ఏమో, చీమ కుట్టినట్టు కూడా లేదు" అని అమ్మ నవ్వింది. నేనూ నవ్వాను. మంచి టీకా అనుకున్నాను.

తర్వాత చదువుకుని తెలుసుకున్నది చెబుతాను. తప్పయితే చెప్పండి.

ఊళ్ళో ఏదైనా ఆపద వస్తే తప్పెట కొట్టి దండోరా వేస్తారు. విన్నవాళ్ళు చేతిలో పని వదిలి చావిడి దగ్గరకు వస్తారు. సూది పడిన చోట భుజం వాచి, ఎర్రబడి, నొప్పి పుట్టడం అట్లాంటి దండోరానే. ఆ చప్పుడు విని ఒంట్లోని కాపలా కణాలు వస్తాయి. టీకాలో ఉన్న ఫ్లూ క్రిమి ముక్కను పట్టుకుని చంకలోని గ్రంథుల దాకా మోసుకుపోయి బి కణాలకు చూపిస్తాయి. బి కణాలు ఆ ముఖాన్ని గుర్తుపెట్టుకుని యాంటీబాడీలు తయారు చెయ్యడం మొదలుపెడతాయి. ఇదంతా జరగడానికి రెండు వారాలు పడుతుంది.

ఎనభై ఏళ్ళ ఒంట్లో ఆ తప్పెట సగం చినిగి ఉంటుంది. వినేవాళ్ళ చెవులకూ ముసలితనం వచ్చి ఉంటుంది. అందుకే 65 దాటిన వాళ్ళ కోసం అమెరికాలో మామూలు టీకాకు నాలుగింతల మందున్న టీకాను 2009లో అనుమతించారు. 2014లో అచ్చయిన అధ్యయనంలో 32 వేల మంది దాకా వృద్ధుల మీద చూస్తే, మామూలు టీకా కంటే అది ఫ్లూను సుమారు 24 శాతం ఎక్కువగా ఆపింది. అంటే పెద్దవాళ్ళ ఒంటికి గట్టిగా అరిచి చెబితే గానీ వినిపించదు. ఆ అరుపు మీద కూడా మీరు చెయ్యి అడ్డం పెడితే ఎట్లా?

ఊరికే నింద వేయడం లేదు. 2009లో అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయం వాళ్ళు మనిషి రక్తంలోని కణాలను గాజు పాత్రలో పెంచి మీ వంశాన్ని వాటికి తగిలించి చూశారు. ఇబుప్రోఫెన్ తగిలిన చోట యాంటీబాడీలు తక్కువ తయారయ్యాయి. పని మొదలుపెట్టిన బి కణాలకు, ప్రోస్టాగ్లాండిన్లను తయారుచేసే ఎంజైమే, అంటే మీరు అడ్డుపడేదే, కావలసి వచ్చింది. అదే ఏడాది చెక్ దేశంలో 459 మంది పసిపిల్లల మీద చేసిన అధ్యయనం లాన్సెట్ పత్రికలో వచ్చింది. టీకా వేసిన వెంటనే, జ్వరం రాకముందే, పారాసెటమాల్ ఇచ్చిన పిల్లలకు జ్వరాలు బాగా తగ్గాయి. దాంతో పాటు చాలా టీకాలకు యాంటీబాడీలూ తగ్గాయి.

మీ పక్షాన ఉన్న సాక్ష్యం కూడా చెప్పాలి. పెద్దవాళ్ళకు ఫ్లూ టీకాతో పాటు పారాసెటమాల్ ఇచ్చి 1990ల్లో చూసినప్పుడు యాంటీబాడీల్లో తేడా కనబడలేదు. కాబట్టి మా అమ్మ టీకాను మీరే పాడు చేశారని నేను పంచాయతీ పెట్టలేను. పెట్టను కూడా. కానీ ఆ స్టెరాయిడు ఉంది చూడండి, మీ పొట్లంలో పేరు లేకుండా దూరినది. వారాల తరబడి పెద్ద మోతాదులో అది పడితే ఒంటి కాపలా మందగిస్తుందనీ, టీకా సరిగా పట్టదనీ డాక్టర్లందరూ ఒప్పుకునే మాట. దాన్ని మీ పక్కన కూర్చోబెట్టుకుని మా ఇంట్లోకి తెచ్చారు. అది నేను మరిచిపోలేను.

ఫ్లూకూ మీ వంశానికీ వందేళ్ళ నాటి బాకీ ఒకటుంది. 1918లో మన దేశంలోనే కోటి మందికి పైగా ఫ్లూతో పోయారు. ఆ రోజుల్లో అమెరికా డాక్టర్లు ఆస్పిరిన్‌ను రోజుకు 8 గ్రాముల నుంచి 31 గ్రాముల దాకా ఇచ్చేవారు. ఇప్పుడైతే రోజుకు నాలుగు గ్రాములు దాటనివ్వరు. ఆ మోతాదే అక్కడ కొందరి ఊపిరితిత్తుల్లో నీరు చేరడానికి కారణమై ఉంటుందని కారెన్ స్టార్కో అనే డాక్టరు 2009లో వాదించారు. జ్వరం తగ్గితే జబ్బు తగ్గినట్టేనని అప్పటి వాళ్ళు నమ్మారు. మేమూ అదే నమ్మాం. నొప్పి లేకపోతే అంతా బాగుందనుకున్నాం.

ఆ ఏడాది వానల్లో, సూది వేసిన మూడు నెలలకు, అమ్మకు ఫ్లూ వచ్చింది.

మొదట మామూలు పడిశెం. రెండో రోజు చలిజ్వరం. "ఒక మాత్తర ఏసుకుంటే సరిపోతాదిలే" అంది. మీరు వచ్చారు. జ్వరం దిగింది. మళ్ళీ ఎక్కింది. మళ్ళీ మీరు వచ్చారు. నాలుగో రోజుకు ఆయాసం. మాట మధ్యలో తెగిపోతోంది. ఆసుపత్రికి తీసుకుపోయేసరికి ముక్కుకు గొట్టం పెట్టారు. ఆరు రోజులు ఉన్నాం. రాత్రిళ్ళు ఆ ఆక్సిజన్ బుడగల చప్పుడు వింటూ కూర్చున్నాను. టీకా వేయించాను గదా అని నాలో నేను వందసార్లు అనుకున్నాను. ఏ టీకా కూడా నూరు పాళ్ళు ఆపదని అప్పుడే చెప్పారు. టీకా వేయించినందువల్లే ఈ మాత్రంతో బయటపడిందేమో అని కూడా అన్నారు. అది నిజమే కావచ్చు. ఆ మాటకు దణ్ణం పెట్టాను.

అక్కడి డాక్టరు అడిగారు: "అవ్వ ఇంట్లో ఏమేం మాత్రలు వేసుకుంటుంది?"

ఆ ప్రశ్న అంతకు ముందు ఎవరూ అడగలేదు. సూది వేసిన రోజు అడగలేదు. మిమ్మల్ని కత్తిరించి ఇచ్చినవాళ్ళు అడగలేదు. ఆమె పక్కనే పడుకుని లేచే నేను అడగలేదు. ఇంటికి పోయి మీ డబ్బా తెచ్చి బల్ల మీద బోర్లించాను. పేర్లు లేని వెండిరేకు ముక్కలు, విడి మాత్రలు, ఎప్పటివో తెలియనివి. ఆ డాక్టరమ్మ ఒక్కొక్కటే వెలుతురుకు పట్టుకుని చూసింది. కొన్నింటి పేర్లు పోల్చింది. ఆ చిన్నదాన్ని పక్కకు తీసి పెట్టి, "ఇది ఎన్నాళ్ళ నుంచి?" అంది. నా దగ్గర జవాబు లేదు. పిల్లలకు ముప్పై ఐదేళ్ళు ప్రశ్నలడిగిన దాన్ని, ఆ రోజు తలొంచుకుని నిలబడ్డాను. ఆ చిన్నదాన్ని ఉన్నట్టుండి మానేస్తే ప్రమాదమని చెప్పి, కొంచెం కొంచెంగా తగ్గిస్తూ నెలల మీద మాన్పించారు. ఇప్పుడది మా గడప తొక్కదు.

మాత్ర గారూ, మీ మీద నాకున్న కోపమంతా ఒక్కచోటికే వస్తుంది. నొప్పి ఒక కబురు. నీళ్ళు బాగాలేవని అమ్మ మోకాళ్ళు ఏళ్ళ తరబడి కబురు పెట్టాయి. నడుముకు విశ్రాంతి కావాలని కబురు పెట్టింది. ఆయాసం రాబోతోందని జ్వరం కబురు పెట్టింది. ప్రతి కబురునూ మీరు గుమ్మం దగ్గరే ఆపేశారు. కబురు రాలేదు గనుక మేమూ నిశ్చింతగా ఉన్నాం. మీరు తోడుగా ఉన్నారన్న ధైర్యంతో అమ్మ డాక్టరు దగ్గరకు పోలేదు, నేను తీసుకుపోలేదు. బోరు నీళ్ళ గురించి గట్టిగా అడగాల్సిన రోజుల్లో ఊరు ఊరంతా రూపాయి మాత్రలతో సర్దుకుపోయింది. ఫ్లోరైడు తీసిన నీళ్ళు ఇవ్వాల్సిన చోట మిమ్మల్ని ఇచ్చారు. మేం తీసుకున్నాం. చేతకాని పనిని మీకు అప్పజెప్పిన తప్పులో మా పాలూ ఉంది. మీ పాలు మీరు ఒప్పుకోవాలి.

ఇక ఇవాళ్టి సంగతి.

ఈ ఏడు మళ్ళీ టీకా వేయించాలి. ఫ్లూ క్రిమి ఏటేటా వేషం మార్చుకుంటుంది గనుక టీకా కూడా ఏటా కొత్తగా వస్తుంది. ఈసారి ముందే పోయి ఆ డాక్టరమ్మను కలిశాను. ఆమె చెప్పింది నోటుబుక్కులో రాసుకున్నాను. రక్తపోటు మాత్ర, చక్కెర మాత్ర ఆపకూడదు. గుండె కోసం చిన్న ఆస్పిరిన్ వేసుకునేవాళ్ళు దాన్ని అసలే ఆపకూడదు. నొప్పి మాత్రను మాత్రం, నొప్పి వస్తుందేమోనని సూదికి ముందే వేసుకోవద్దు. 2021లో కోవిడ్ టీకాలప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన మాట కూడా ఇదే. సూది తర్వాత జ్వరమో నొప్పో ఓర్చుకోలేనంత వస్తే పారాసెటమాల్ వేసుకోవచ్చు, అందులో తప్పులేదు. కీళ్ళ నొప్పికి రోజూ వేసుకునేవాళ్ళు తమంతట తాము మానకూడదు, వైద్యుణ్ణి అడగాలి. మా అమ్మ విషయంలో, ముందు రోజు రాత్రీ ఆ రోజూ లేకుండా ఉండగలిగితే ఉండమనండి, ఉండలేకపోతే బాధపెట్టొద్దు అని ఆమె చెప్పింది. మాత్ర మానినా మానకపోయినా టీకా మాత్రం మానొద్దని రెండుసార్లు చెప్పింది.

ఈ మాట అమ్మకు ఎట్లా చెప్పాలా అని వారం ఆలోచించాను. ప్రోస్టాగ్లాండిన్లనీ బి కణాలనీ చెబితే వింటుందా? చివరికి నిన్న చెప్పేశాను. "రేపు పొద్దున సూది వేయిస్తా. ఈ రాత్రి, రేపు నొప్పుల మాత్ర లేకుండా ఉండగలవామ్మా?"

అమ్మ కాసేపు చూసింది. "రేపు శనివారం గదా" అంది.

"అవును."

"శనివారం నాకు ఎట్లాగూ ఒక్కపొద్దే. తిండికుంటాను, మాత్తరకుండలేనా?"

అరవై ఏళ్ళుగా శనివారాలు ఒంటిపూట తిని ఉంటున్న మనిషి. నేను పుస్తకాల్లో వెతుక్కుంటున్న మాట ఆమె నోట్లోనే ఉంది. ఒక్కపొద్దు అంటే ఆ తిండి చెడ్డదని కాదు. ఆ పూటకు దాన్ని పక్కన పెట్టి, ఒంటిని ఇంకొక పనికి అప్పజెప్పడం. మర్నాడు పొద్దున మళ్ళీ అదే సంగటి, అదే చింతాకు పప్పు. మీరు మా శత్రువు కాదని చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి మాట దొరకదు. అందుకే నిన్న మీ డబ్బాను అటక మీద పెట్టాను. ఇవాళ పొద్దున గుడికి పోయి, ప్రదక్షిణలు మూడే చేసి, అట్నుంచే పోయి సూది వేయించుకుని వచ్చాం.

మధ్యాహ్నం మోకాళ్ళకు వేడినీళ్ళ కాపడం పెట్టాను. సాయంత్రం నువ్వుల నూనె రాశాను. నడిచేటప్పుడు గోడ పట్టుకుంది, మూలిగింది. ఆ మూలుగు విన్నప్పుడల్లా నా కళ్ళు అటక వైపు పోయాయి. మీరు ఎంత మోశారో ఇవాళ ఒక్కరోజు మిమ్మల్ని దూరం పెడితే తెలిసింది. ఆ కృతజ్ఞత కూడా ఈ ఉత్తరంలో కలుపుకోండి.

చివరగా మూడు విన్నపాలు. ఒకటి, ఇకపై మా ఇంటికి పేరుతో రండి. కత్తిరించిన ముక్కగా వస్తే తీసుకోనని అంగట్లో చెప్పేశాను, షీటు మొత్తం కొంటాను, లేదా పేరు కాగితం మీద తెలుగులో రాసుకుని తెస్తాను. రెండు, పేరు చెప్పుకోలేని వాళ్ళను వెంట తీసుకురాకండి. మూడు, తిరుమణిలో ఏ ముసలమ్మ సూది కోసం బయల్దేరినా, ఆమె చెయ్యి డబ్బా మీదకు పోయినప్పుడు ఆ ఒక్క పూట మీరు వెనక్కి తగ్గండి. మీరు తగ్గలేరని తెలుసు. అందుకే ఆ పని మా మీద వేసుకుంటున్నాను. మా వీధిలో పెద్దవాళ్ళున్న పదకొండు ఇళ్ళకు పోయి, వాళ్ళ డబ్బాలు తెరిపించి, ఏం వేసుకుంటున్నారో నోటుబుక్కులో రాసి, డాక్టరమ్మకు చూపిస్తాను. రిటైరయ్యాక చేతిలో కాలం ఉంది. పేర్లు రాయించడం నాకు వచ్చిన పనే.

ఇప్పుడే అమ్మ కళ్ళు తెరిచింది. సూది వేసిన భుజం తాకి చూసుకుంటోంది. చెయ్యి పెట్టి చూశాను, అక్కడ కాస్త వాచి వెచ్చగా ఉంది. "నొప్పిగా ఉందా, పారాసెటమాల్ ఒకటి ఇవ్వనా?" అని అడిగాను.

"ఉందిలే పాపా" అంది. "ఉండనీ. లోపల ఎవరో పని చేస్తాండారు."

రేపు పొద్దున సంగటి అయ్యాక డబ్బా కిందికి దించుతాను. మీ చోటు మీకుంటుంది.

ఇట్లు,
మీ మేలు మరవని,
తిరుమణి చెనక్కాయల రైతు కూతురు.